మడతలక్క వేసిన పక్క

విదేశయాత్ర మాట ఇంట్లో మొదట ఎత్తింది అమ్మాయి. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, సెలవులు మురిగిపోతున్నాయి, టూరు కంపెనీతో నాలుగు రోజులు ఎక్కడికైనా పోయొద్దామంది. ఊరికే తిరిగి రావడం కాదు, ముగ్గురూ తలో కోరిక చెప్పాలి, మూడూ తీరాలి అని షరతు కూడా పెట్టింది. తండ్రి తడుముకోలేదు. ఆయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే మనిషి. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల గోడల మీద చక్రాలు తిరుగుతుంటే చూడడమే గానీ తన చేత్తో తిప్పిన చక్రం ఒక్కటీ లేదనీ, ఒక్కసారి పడవ చక్రం పట్టుకుని తిప్పాలనీ అన్నాడు. అమ్మాయికి చిన్నప్పుడు నోటుపుస్తకం అట్ట మీద చూసిన గడియార స్తంభం ఎక్కాలని ఉంది. దాని కోసం అక్కడి భాష కూడా ఆర్నెల్లు కూర్చుని నేర్చుకుంది.

తల్లి మాత్రం మీ ఇష్టమే నా ఇష్టం అంది. అది చెల్లదంది అమ్మాయి. మూడోసారి అడిగాక, కూరగాయలు తరుగుతూ, అటు తిరిగే చెప్పింది.

“పొద్దున లేచి, పక్క ఎలా ఉందో అలాగే వదిలేసి బయటికి పోవాలి. తిరిగొచ్చేసరికి ఎవరో వేసి ఉంచాలి. అంతే.”

మొగుడు పడీ పడీ నవ్వాడు. ఆ మాత్రం దానికి విమానమెందుకు, రేపటినుంచీ నేనే వేస్తాగా అన్నాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. అమ్మాయి నవ్వలేదు. తల్లి ఇరవై రెండేళ్లుగా ఒక పెద్ద హోటల్లో రోజుకి పద్నాలుగు గదులు శుభ్రం చేస్తుందని, పద్నాలుగు గదుల్లో ఇరవై పైచిలుకు పక్కలుంటాయని ఆ పిల్లకి లెక్క తెలుసు. పరుపు మూల దగ్గర దుప్పటిని మడిచి దోపే తీరు చూసి హోటల్లో వాళ్లంతా ఆమెను మడతలక్క అనేవాళ్లు. కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్లకు సూపర్‌వైజర్లు ఆమె వేసిన పక్కనే తీసుకెళ్లి చూపించేవాళ్లు.

విమానం దిగి టూరు బస్సెక్కాక మొగుడుగారి నోరు ఊరుకోలేదు. వెనక సీట్లో బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకావిడ కూర్చుంది. మీ ఆవిడ ఏం చేస్తారని ఆవిడ అడిగితే, పెద్ద హోటల్లో మేనేజరండీ అనేశాడు.  కాదని చెబుదామని మడతలక్క వెనక్కి తిరిగింది. ఈలోగా బ్యాంకావిడ ముందుకు వంగి, “అయితే మేడమ్, మనం దిగబోయే హోటలు ఎలా ఉందో మీరే చెప్పాలి” అంది.

ఇరవై రెండేళ్లలో ఆమె రోజుకి వంద మందిని మేడమ్ అని పిలిచి ఉంటుంది. తనని ఒకరు పిలవడం అదే మొదలు.  చూద్దామండీ అని మాత్రం అని ముందుకు తిరిగి కూర్చుంది. చెవులు వేడెక్కాయి. అందులో సిగ్గెంతో, సంతోషమెంతో ఆమెకే తెలీలేదు.

*

గది మూడో అంతస్తులో. పెద్ద మంచం ఒకటి, చిన్న మంచం ఒకటి, సరస్సు వైపు బాల్కనీ. మొదటి రోజు పొద్దున మడతలక్క కావాలనే దుప్పటిని కాళ్లతో తన్ని, దిండు ఒకటి కింద పడేసి, తువ్వాలు కుర్చీ మీదికి విసిరింది. ఇంత అరాచకం ఆమె జీవితంలో ఎన్నడూ చేయలేదు. తలుపు వేసి వస్తుంటే వరండాలో ఎదురుగా తోపుడుబండి నిండా దుప్పట్లు, తువ్వాళ్లతో గదులు శుభ్రం చేసే ఆమె వస్తోంది. తన ఈడుదే. ముందు జుట్టు నెరిసింది, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి కట్టింది. గెస్టు కనబడగానే ఆమె అలవాటుగా బండి ఆపి గోడకి అతుక్కుంది. మడతలక్క కూడా అలవాటుగానే ఇవతలి గోడకి అతుక్కుంది. ముందు నువ్వు వెళ్లు అన్నట్టు ఇద్దరూ చెరో గోడనీ పట్టుకుని కాసేపు నిలబడ్డారు. చివరికి పనామె నవ్వింది. మడతలక్క నవ్వలేక, తల వంచుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

సాయంత్రం తలుపు తీసేసరికి పక్క వేసి ఉంది. చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా దగ్గరికి వెళ్లి చూసింది. దుప్పటి అంచు జానెడు మడత, అద్దంలా ఉంది. మూల దోపు కొంచెం వదులు, పర్వాలేదు. దిండు గలేబు నోరు తలుపు వైపు కాకుండా గోడ వైపు తిప్పి పెట్టారు. పని అయిపోయిన పక్కకి తమ హోటల్లో కూడా అదే గుర్తు. జంటగా పనిచేసేటప్పుడు ఒకరు పక్కలు, ఒకరు స్నానాల గదులు చూసుకుంటారు. దిండు నోరు గోడ వైపు ఉంటే రెండో మనిషి ఆ పక్క జోలికి పోనక్కర్లేదు. దేశం మారినా దిండు అటే తిరిగింది అనుకుని ఆమె నవ్వుకుంది. తర్వాత బాల్కనీలో కూర్చుని టీ తాగింది. నీళ్ల మీద పడవలు పోతున్నాయి. కన్నీళ్లొస్తున్నాయేమిటని మొగుడడిగితే ఎండ కళ్లల్లో పడుతోందంది. ఎండ అవతలి పక్క ఉంది.

రెండో రోజు కూడా అంతే హాయిగా గడిచింది. మొగుడి పుణ్యమా అని పక్క మీద టీ ఒలికింది. రేపు ఎలాగూ దుప్పట్లు మారుస్తారు, ఇక్కడ మూడో రోజు మార్చే పద్ధతిట అని అమ్మాయి గోడకి తగిలించిన కాగితం చదివి చెప్పింది.

మూడో రోజు పడవ ప్రయాణం. చక్రం తిప్పబోయే మనిషి తెల్లారకముందే తయారై అమ్మాయిని వెంటేసుకుని కిందికి పోయాడు. మడతలక్క జుట్టు ముడేసుకుని, పర్సు కోసం వెతుకుతూ దిండు ఎత్తింది. ఎత్తిన దిండుని దులిపింది. దులిపిన చెయ్యి ఊరుకుంటుందా, దుప్పటి లాగింది, ముడతలు సవరించింది, మూలలు మడిచి దోపింది. ఏం చేస్తోందో ఆమెకి తెలిసింది దిండు నోరు గోడ వైపు తిప్పాక. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. మళ్లీ చెరిపేద్దామా అనుకుంది. చక్కగా వేసిన పక్కని చెరపడానికి చేతులు రాలేదు. కింద బస్సు హారను మోగింది.

పడవలో ఆయన చక్రం పట్టుకుని ఆరు నిమిషాలు తిప్పాడు. పడవ నడిపేవాడు ఇంకో చోట ఇంకో చక్రం తిప్పుతున్నాడని అమ్మాయికి అనుమానం. తండ్రికి మాత్రం చెప్పలేదు.

*

నాలుగింటికి తిరిగొచ్చేసరికి గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల పెద్ద మంచం మీద పై దుప్పటి సగం లాగేసి, కింది దుప్పటి మీది టీ మరక కనబడేలా ఉంచారు. నల్ల కోటు సూపర్‌వైజరమ్మ చేతిలో అట్ట, దాని మీద కాగితం పట్టుకుని నిలబడింది. ఆమె ముందు పనామె, రెండు చేతులూ ఏప్రను మీద కట్టుకుని, నేల చూస్తోంది.

సూపర్‌వైజరమ్మ క్షమించమంటూ మొదలుపెట్టింది. అమ్మాయి వింటూ తెలుగులో చెబుతూ వచ్చింది. ఇవాళ ఈ గదిలో దుప్పట్లు మార్చాలి. పనామె మార్చినట్టు కాగితం మీద టిక్కు పెట్టింది. తనిఖీకి వచ్చి పై దుప్పటి ఎత్తి చూస్తే కింద ఉన్నది పాత దుప్పటే, మరకతో సహా. పని చేయకపోవడం ఒక తప్పు, చేసినట్టు టిక్కు పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. అడిగితే, నేనొచ్చేసరికే పక్క వేసి ఉంది, దిండు గోడ వైపు ఉంది, మా జతమనిషి మార్చేసిందనుకున్నాను అంటోంది. జతమనిషేమో నేను ఆ గదికే రాలేదంటోంది.

“మరీ విడ్డూరంగా, గెస్టులే వేసుకున్నారేమో అడగండి అంటోందిట” అంది అమ్మాయి. ఆ మాట అంటూ తల్లి మొహంలోకి చూసింది.

అప్పటికే పక్కగది తలుపు తీసుకుని బ్యాంకావిడ వచ్చి నిలబడింది. విషయం విని పెద్దగా నవ్వేసింది.

“మేడమ్ గారు పక్కలేస్తారటండీ! తప్పించుకోడానికి ఎంత మాటైనా అంటారు వీళ్లు.”

మొగుడు కూడా నవ్వాడు. నవ్వుతూనే పెళ్లాం వైపు బెదురుగా చూశాడు. పనామె తల ఎత్తింది. ఆ కళ్లలో కోపం లేదు, బతిమాలడం కూడా లేదు. నిజం తెలిసిన మనిషి ఎదురుగానే ఉంది కదా, చెబుతుందిలే అన్న భరోసా ఉంది.

మడతలక్కకి ఆ నిలబడడం తెలుసు. ఏప్రను మీద చేతులు అలా కట్టుకుని తాను కూడా నిలబడింది, ఒకసారి కాదు. ఎదుటివాళ్లు ఒక్క మాట చెబితే నింద పోతుంది కదా అని గుమ్మంలో నిలబడిన గెస్టుల మొహాల వంక ఆశగా చూసింది. అన్నీ గుర్తున్నాయి. అయినా బ్యాంకావిడ అక్కడే ఉంది.

“లేదు. నేను ముట్టుకోలేదు” అంది.

అమ్మాయి తల్లి మీంచి చూపు తిప్పుకుంది. తర్వాత అదే మాట వాళ్ల భాషలో చెప్పింది. సూపర్‌వైజరమ్మ మళ్లీ క్షమాపణ చెప్పుకుని కాగితం మీద ఏదో రాసింది. పనామె మంచం మీది దుప్పటి లాగి, కొత్తది పరిచి, మూలలు దోపి, దిండు సరిచేసి, వాళ్ల పక్కనుంచే గోడ వారగా వెళ్లిపోయింది. ఆ కాసేపూ మడతలక్క బాల్కనీ తలుపు పట్టుకుని సరస్సు వైపు తిరిగి నిలబడింది. ఒంటి మీద గుడ్డ లేనట్టుంది ఆమెకి.

అరగంటకి హోటలు వాళ్లు క్షమాపణగా పళ్ల బుట్ట పంపారు. ఊరికే వచ్చిన పళ్లు మరింత తియ్యగా ఉంటాయంటూ మొగుడు ఒకదాని తర్వాత ఒకటి కోశాడు. ఓ ముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది. అది నల్లబడింది.

“నువ్వే వేశావు కదమ్మా” అంది అమ్మాయి మెల్లిగా.

మడతలక్క తల ఊపింది. మొగుడు కత్తి పక్కన పెట్టాడు. అయిపోయిందేదో అయిపోయింది, రేపొక్క రోజు, ఎల్లుండి మన దారిన మనం పోతాం, ఇంతోటి దానికి ఎవరి ఉద్యోగాలూ ఊడవు అన్నాడు.  ఉద్యోగాలు ఎంతెంత వాటికి ఊడతాయో ఆయనకేం తెలుసు.

*

మర్నాడు పొద్దున వరండాలో బండి తోసుకుంటూ వచ్చింది వేరే మనిషి. వయసులో చిన్నది, గెస్టు కనబడగానే గోడకి అతుక్కోవడం కూడా సరిగ్గా రాలేదు. అమ్మాయి మాట కలిపి కనుక్కుంది. నిన్నటామెని కింద లాండ్రీకి దించేశారట. ఇది రెండోసారి మాట పడడం. మూడు రోజుల్లో ఏదో ఒకటి తేలుస్తారట. లాండ్రీకి దించారంటే ఏం తేలుస్తారో మాకు తెలుసు అందట ఆ పిల్ల.

మడతలక్క వచ్చి మంచం మీద కూర్చుంది. ఎనిమిదిన్నరకి బస్సు. ఇవాళ గడియార స్తంభం. అమ్మాయి బూట్లు తొడుక్కుని, కెమెరా మెళ్లో వేసుకుని సిద్ధంగా ఉంది. అడగడానికి తల్లికి మొహం చెల్లలేదు. అడగకుండా ఉంటే ఇంక ఏ మొహమూ మిగలదు.

“నీ స్తంభం పోతుందే తల్లీ. నా మాట వాళ్లకి చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు” అంది.

అమ్మాయి బాల్కనీలోంచి అటు కొండ వైపు చూసింది. స్తంభం కొస కనిపిస్తూనే ఉంది. తర్వాత కెమెరా తీసి మంచం మీద పెట్టింది.

“నిన్న లేదని చెప్పిన నోరు నాది కూడా కదమ్మా. పద.”

మొగుడు అడ్డం తిరిగాడు. ఇప్పుడు వెళ్లి చెబితే బస్సులో ఇరవై మందికీ తెలుస్తుంది, ఆ బ్యాంకావిడ మొహం నేనెలా చూడను, నేనేమని చెప్పుకోను అన్నాడు. మీరు ఇదివరకే చెప్పుకున్నారుగా, అంది ఆమె. 

దుప్పట్ల గది పక్కనే చిన్న బల్ల దగ్గర సూపర్‌వైజరమ్మ దొరికింది. అమ్మాయి చెప్పింది. ఆమె మర్యాదగా విని, మర్యాదగా నవ్వింది. గెస్టులు మర్నాటికి జాలిపడి ఇలా చెప్పడం మామూలేనట. మేడమ్‌ది మంచి మనసుట. కానీ ఆ పక్క గెస్టు వేసింది కాదుట, తాను కళ్లారా చూసిందిట. పదేళ్లు పనిచేసిన చెయ్యి తప్ప ఇంకోటి ఆ మూల దోపలేదుట.

“నాతో గదికి రమ్మను” అంది మడతలక్క.

గదిలోకి వెళ్లగానే ఆమె తలుపు బార్లా తీసి, కింద చెక్క దోపింది. పనిచేసే మనిషి లోపలుంటే తలుపు తీసే ఉండాలి, అది ఏ హోటల్లోనైనా మొదటి రోజు నేర్పే సంగతి. సూపర్‌వైజరమ్మ ఆ చెక్క వంక, ఆమె వంక చూసింది. మడతలక్క గాజులు పైకి తోసి, కొంగు దోపి, మంచం మీదున్నదంతా ఒక్క ఊపులో లాగేసింది. వరండాలో బస్సుకి వెళ్లేవాళ్ల అడుగుల చప్పుడు. దుప్పటి గాలిలోకి ఎగరేసి దించింది. మధ్య మడత మంచం నడుమకి సూటిగా వచ్చి పడింది. తల వైపు దోపింది, కాళ్ల వైపు దోపింది. ఒక మోకాలు వంచి, ఎడమ అరచెయ్యి పరుపు మీద ఆనించి, కుడి చేత్తో అంచు ఎత్తి, మడిచి, కిందికి జారిన కొసని లోపలికి తోసింది. నాలుగు మూలలు. వీపు వెనక అడుగుల చప్పుడు గుమ్మం దగ్గర ఆగడం ఆమెకి వినబడుతూనే ఉంది. ఎవరివో చూడకుండానే తెలుసు. చెమట చెంప మీదికి జారింది. దిండు గలేబు సవరించి, నోరు గోడ వైపు తిప్పి, వెనక్కి జరిగింది.

“మేడమ్, మీరెందుకు ఇదంతా...” బ్యాంకావిడ గుమ్మంలో ఉంది, టోపీ పెట్టుకుని. ఆవిడ వెనక మరో ఇద్దరు. వాళ్ల వెనక మొగుడు, తన బూట్లు తానే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటూ.

“మేడమ్‌ని కాదండీ. హోటల్లో గదులు తుడుస్తాను, పక్కలేస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే నా పని. నిన్న ఈ పక్క నేనే వేశాను. ఆమె తప్పేం లేదు.”

 బ్యాంకావిడ అయ్యో అని, అలాగా అని, బస్సుకి టైమైందని మడతలక్క మొగుడితో అంది. ఆయన అవునండీ అవును అంటూ ఆవిడతోపాటే లిఫ్టు వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరుగుతాడేమో అని ఆమె చూసింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది, ఆయన ఎక్కేశాడు.

సూపర్‌వైజరమ్మ పరుపు మూల దగ్గర వంగి, వేలితో దోపు తడిమి చూసింది. చాలాసేపు చూసింది. లేచి అట్ట మీద కాగితం వెనక్కి తిప్పి, నిన్న రాసింది కొట్టేసి, పక్కన సంతకం చేసింది. ఆమెని ఇవాళే పైకి తెస్తాను, నాతో కిందికి వస్తారా అని అడిగింది. ఈసారి మేడమ్ అనలేదని అమ్మాయి తర్వాత చెప్పింది. అనకపోవడం తల్లికి అక్కడే తెలిసింది.

*

లాండ్రీ నేలమాళిగలో ఉంది. వేడికి ఊపిరాడలేదు. తడి దుప్పట్లు పెద్ద ఇస్త్రీ యంత్రంలోకి ఒకవైపు నుంచి పోయి, రెండోవైపు నుంచి అట్టల్లా బయటికి వస్తున్నాయి. పనామె అక్కడ నిలబడి వచ్చే దుప్పటి కొస అందుకుని మడుస్తోంది. మోచేతుల దాకా ఎర్రగా కందిపోయింది. సూపర్‌వైజరమ్మ ఆమె చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. తల ఊపింది. ఆ తర్వాత మడతలక్క వైపు చూసి, యంత్రం రొదలో గొంతు పెంచి అమ్మాయిని ఒక మాట అడిగింది.

“నిన్న తను అక్కడ నిలబడి ఉన్నప్పుడు నీకు తెలుసా అని అడుగుతోంది” అంది అమ్మాయి.

“తెలుసు.”

“మరెందుకు చెప్పలేదంటోంది.”

మడతలక్క దగ్గర చెప్పడానికి చాలా ఉన్నాయి. మొగుడు అన్న మాట ఉంది, బస్సులో ఇరవై మంది ఉన్నారు, పిల్ల పరువు ఉంది. దార్లో మెట్లు దిగుతూ అన్నీ సర్దుకుంటూ వచ్చింది. ఆ కందిన చేతులు చూస్తుంటే ఒక్కటీ నోటికి రాలేదు.

“నన్ను మేడమ్ అంటున్నారు. అది బాగుంది. అందుకు చెప్పలేదని చెప్పు.”

 అమ్మాయి ఉన్నదున్నట్టే చెప్పింది. పనామె విని, కాసేపు మడతలక్కనే చూసింది. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఇలాంటిది ఇదివరకు చాలాసార్లు విన్నట్టు, ఇంకా వినవలసి ఉన్నట్టు చిన్నగా తల పంకించి యంత్రం వైపు తిరిగింది. పెద్ద మంచం దుప్పటి ఒకటి బయటికి వస్తోంది. ఒక్కరి చేతికి అందేది కాదు. ఆమె ఒక కొస పట్టుకుంది. రెండో కొస జారి నేల వైపు పోతోంది. మడతలక్క గబుక్కున ముందుకు వెళ్లి దాన్ని అందుకోబోయింది.

పనామె చెయ్యి అడ్డం పెట్టింది. విసురుగా ఏం కాదు, మర్యాదగానే. ఒక మాటంది. అవతల పనిలో ఉన్న ఇంకొకామె వచ్చి ఆ కొస పట్టుకుంది.

“ఏమంది?” అంది మడతలక్క.

 తల్లి మళ్లీ అడిగింది.

“గెస్టులు ఇక్కడేవీ ముట్టుకోకూడదట” అంది అమ్మాయి.